బ్యాకప్ లేని విత్తనాలు

పటాన్‌చెరు అనగానే మీకు ఏం గుర్తొస్తుంది? ఫ్యాక్టరీలు, లారీలు, ముంబై హైవే ట్రాఫిక్. కానీ అదే హైవే పక్కన ఇక్రిశాట్ క్యాంపస్‌లో మైనస్ 20 డిగ్రీల దగ్గర ఉంచే స్టోరేజ్ ఒకటి ఉంది. అందులో ఉన్నవి మందులూ కావు, ఐస్‌క్రీములూ కావు. విత్తనాలు.

ఇక్రిశాట్ 1972లో మొదలైంది. వాన మీదే ఆధారపడే మెట్ట రైతుల కోసం పెట్టిన అంతర్జాతీయ పరిశోధన సంస్థ ఇది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ, చిరుధాన్యాలు... 144 దేశాల నుంచి సేకరించిన లక్షా ఇరవై వేలకు పైగా రకాలు ఈ విత్తన బ్యాంకులో ఉన్నాయి. విత్తనాన్ని బాగా ఎండబెట్టి, గాలి చొరబడకుండా ప్యాక్ చేసి, చల్లగా దాస్తారు. అలా దశాబ్దాలు బతుకుతుంది.

నేను సాఫ్ట్‌వేర్ జాబ్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక రూల్ ఉండేది: బ్యాకప్ లేని డేటా పోయిన డేటా కిందే లెక్క. ఇక్రిశాట్ చేసేది పంటలకి బ్యాకప్. ఇథియోపియా, కెన్యా లాంటి దేశాల్లో సేకరించిన జొన్న రకాల్ని ఆ దేశాలకే తిరిగి పంపిన చరిత్ర ఈ పటాన్‌చెరుకి ఉంది. ఆ బ్యాకప్‌కి ఇంకో బ్యాకప్ కూడా ఉంది. 2008లో నార్వే దగ్గర మంచు దీవుల్లో స్వాల్‌బార్డ్ విత్తన నిలయం తెరిచారు. ఇక్కడి రకాలు లక్షకు పైగా అక్కడ కూడా భద్రంగా ఉన్నాయి.

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. ఇంత టెక్నాలజీ ఉన్న ఆ ఫ్రీజర్‌లో ఓక్ చెట్టు కాయ పెడితే ఏమవుతుంది? చచ్చిపోతుంది.

ఓక్ మన దగ్గర పెరగదు, మన దేశంలో ఎక్కువగా హిమాలయాల్లో ఉంటుంది. దాని కాయ చిన్న టోపీ పెట్టుకున్న గోలీలా ఉంటుంది. లోపలి తేమే దాని ప్రాణం. ఎండబెడితే పోతుంది, గడ్డకడితే పోతుంది. 1973లో, అంటే ఇక్రిశాట్ మొదలైన మరుసటి ఏడాదే, ఇ.హెచ్. రాబర్ట్స్ అనే శాస్త్రవేత్త విత్తనాల్ని రెండు రకాలుగా విడదీశాడు. ఎండబెట్టి దాచగలిగేవి ఆర్థడాక్స్. దాచనివ్వకుండా మొండికేసేవి రికాల్సిట్రంట్. జొన్న మొదటి రకం, ఓక్ రెండో రకం.

ఈ మొండి విత్తనం కోసం ఒక సామ్రాజ్యమే కంగారు పడింది. బ్రిటిష్ యుద్ధనౌకలు ఓక్ కలపతో కట్టేవారు. విక్టరీ అనే ఒక్క నౌకకే దాదాపు 6,000 చెట్లు పట్టాయని, అందులో ఎక్కువ ఓకేనని చెబుతారు. 1805 ట్రఫాల్గర్ యుద్ధంలో నెల్సన్ తర్వాతి స్థానంలో ఉన్న కాలింగ్‌వుడ్ అనే అడ్మిరల్, ఇంటికొచ్చినప్పుడల్లా జేబునిండా ఓక్ కాయలు వేసుకుని, నడుస్తూ ఖాళీ కనిపించిన చోటల్లా నాటేవాడట. కానీ ఓక్ కలపకి రావాలంటే వందేళ్ళు కావాలి. 1860కల్లా బ్రిటన్ ఇనుప యుద్ధనౌకని నీళ్ళలోకి దింపేసింది. ఏ పని కోసం నాటాడో ఆ పనే మాయమైంది. చెట్లు మాత్రం పెరుగుతూనే ఉన్నాయి.

ఓక్ కొరత మన దేశం దాకా వచ్చింది. నౌకల కోసం టేకు మీద పడ్డారు. అడవులు కొట్టేశాక 1840ల్లో మలబార్ కలెక్టర్ కానొలీ, ఆయన కింద పనిచేసిన చాతు మీనన్ కేరళలోని నిలంబూరులో టేకు తోట పెంచారు. మొదట్లో విత్తనాలు సరిగ్గా మొలవలేదు. టేకు గింజకి పెంకు గట్టి. నానబెట్టడం, ఎండబెట్టడం మళ్ళీ మళ్ళీ చేస్తే గానీ లేవదు. చూడండి, ఎండబెడితే ఓక్ చస్తుంది, టేకు లేస్తుంది. ఒక్కో గింజది ఒక్కో లెక్క.

మరి మన ఊరి చెట్ల సంగతేంటి? నేరేడు, మామిడి, పనస... ఇవన్నీ ఓక్ పార్టీనే. వేప పూర్తిగా ఆ రకం కాకపోయినా ఎక్కువ కాలం ఆగదు, వారాలు గడిచేకొద్దీ మొలిచే శక్తి పడిపోతుంది. వీటి విత్తనాల్ని మామూలు ఫ్రీజర్‌లో దాచలేం. లోపలి పిండాన్ని తీసి ద్రవ నైట్రోజన్‌లో ఉంచే పద్ధతులు ల్యాబుల్లో ఉన్నాయి గానీ, ఊరి చెరువుగట్టు మీది నేరేడుకి ఆ భాగ్యం ఎవరిస్తారు? వీటికి నేలే బ్యాంకు.

ఇక్కడే పటాన్‌చెరు కథ సీరియస్ అవుతుంది. విత్తన బ్యాంకు వచ్చిన ఆ 1970ల్లోనే ఇక్కడ పారిశ్రామికవాడ కూడా పెరగడం మొదలైంది. రసాయన వ్యర్థాలు నక్కవాగులో కలిసి మంజీరా వైపు పారాయి. 1990లో కేసు సుప్రీంకోర్టుకి వెళ్ళింది. డాక్టర్ కిషన్ రావు లాంటివాళ్ళు దశాబ్దాల పాటు కొట్లాడారు. ఒక పొలం పాడై జొన్న రకం పోతే ఫ్రీజర్ నుంచి తెచ్చుకోవచ్చు. వాగు ఒడ్డున నేరేడు పోతే దాని బ్యాకప్ ఎక్కడుంది? పక్క ఊళ్ళో ఇంకో నేరేడు బతికుంటే, అదే బ్యాకప్.

ఖమ్మం జిల్లా రెడ్డిపల్లికి చెందిన వనజీవి రామయ్య గారికి ఇది ఎవరూ థియరీగా చెప్పలేదు. జేబులో విత్తనాలు వేసుకుని సైకిల్ మీద తిరుగుతూ, ఖాళీ నేల కనిపిస్తే నాటేవారు. కోటికి పైగా మొక్కలు నాటారని చెబుతారు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2025 ఏప్రిల్‌లో కన్నుమూశారు. అడ్మిరల్ జేబు యుద్ధం కోసం నిండింది, రామయ్య గారి జేబు నీడ కోసం.

మీరూ చేయొచ్చు, ఖర్చు సున్నా. జూన్, జూలైలో నేరేడు పండు తిన్నాక గింజ పారేయకండి. గుజ్జు కడిగేసి, ఎండలో పెట్టకుండా, పాత పాల ప్యాకెట్‌లో మట్టి నింపి అడుగున రంధ్రాలు పెట్టి, రెండు సెంటీమీటర్ల లోతున నాటండి. వారం లోపే నాటితే మంచిది. ఒక్క గింజ నుంచి రెండు మూడు మొలకలు వస్తే ఆశ్చర్యపోకండి, నేరేడు తీరే అంత. బలమైనది ఉంచండి. రాలిన వేప పండుకీ ఇదే పద్ధతి. ఇవి తొలకరి టైమ్‌కే పండి రాలడం కూడా ఊరికే కాదు. ఆగలేని గింజకి వెంటనే తడి నేల దొరకాలి కదా.

మీ ఊళ్ళో అందరికంటే పెద్ద నేరేడు చెట్టు ఎక్కడుందో కామెంట్‌లో రాయండి. ఈ వానాకాలం దాని కింద ఏరిన గింజలే నాటుదాం. ఉంటా మరి, నెక్స్ట్ ఎపిసోడ్‌లో కలుద్దాం.