విరిగిన ముక్కే కొలత

పవర్ స్ప్రేయర్‌ని తాడు లాగి స్టార్ట్ చేస్తాం కదా. గో-కార్ట్ అనే చిన్న రేసు బండి కూడా అలాంటి ఇంజన్లతోనే పుట్టింది. 1956లో అమెరికాలోని కాలిఫోర్నియాలో ఆర్ట్ ఇంగెల్స్ గడ్డి కోసే మిషన్ ఇంజన్ పెట్టి మొదటి కార్ట్ చేశాడు. 1959లో మెకల్లక్ కంపెనీ చెట్లు కోసే రంపం ఇంజన్‌నే కార్టులకు మార్చి అమ్మింది.

ఇప్పుడు ఆ పాత ఇంజన్లకు స్టార్టర్ సామాను దొరకడం కష్టం. తాడు చుట్టుకునే చక్రం, దాన్ని వెనక్కి తిప్పే స్ప్రింగు, ఇంజన్‌ని పట్టుకునే చిన్న కొక్కెం. వీటిలో ఏది పోయినా తాడు లాగి లాభం లేదు. అందుకే అక్కడ పాత బండ్లు దాచుకునేవాళ్లు విరిగిన ముక్కనే కొలత పెట్టుకుని కొత్తది చేయించుకుంటారు.

మనకీ అంతే. కంపెనీ మోడల్ ఆపేస్తే స్పేర్లు రావు. విరిగిన ముక్కను పాత ఇనుములో వేయకండి. లేత్ మేస్త్రికి అదే కొలత.