షెజ్వాన్: నాలుకకు తిమ్మిరి, చెట్టుకు రచ్చ

పోచారం ఇన్ఫోసిస్ దగ్గర్నుంచి ఉప్పల్ దాకా ఫ్యామిలీ రెస్టారెంట్లలో 'షెజ్వాన్' మామూలు మాట. "షెజ్వాన్ ఫ్రైడ్ రైస్, కారం కాస్త ఎక్కువ" అంటే చాలు, సర్వర్ మరో మాట అడగడు.

అది చైనా నైరుతిలోని సిచువాన్ రాష్ట్రం పేరు. ముంబయి తాజ్ హోటల్లో 1973లో మొదలైన గోల్డెన్ డ్రాగన్ రెస్టారెంట్ సిచువాన్ వంటను మన దేశంలో నలుగురికీ పరిచయం చేసింది.

మనం తినే ఎర్ర సాస్‌లో ఎండుమిర్చి, వెల్లుల్లి, అల్లం దండిగా పడతాయి. సిచువాన్ వంటకు ప్రాణమైన హువాజియావ్ మాత్రం సాధారణంగా ఉండదు. అది మిరియమంత కాయ. లోపలి నల్ల గింజ తీసేసి, ఎర్రటి తొక్కే వాడతారు. కొరికితే నాలుక మండదు, తిమ్మిరెక్కుతుంది, పెదవులు సన్నగా వణికినట్టుంటుంది. ఆ తిమ్మిరికి మిరప కారం తోడైతే 'మాలా'. ఇది లేని సిచువాన్ వంట సగం వంటే.

దీని దాయాది మన కొండల్లోనే ఉంది! శాస్త్రనామం జాంథాక్సిలం రెట్సా. ఆ 'రెట్సా' మన 'రచ్చ', రచ్చబండలోని రచ్చే. కొండజనం ఆ చెట్టు నీడన కూడి ఉమ్మడి వ్యవహారాలు చర్చించి తేల్చుకునేవారని సామర్లకోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్ రాశాడు. దాని కాయల్ని గోవా, కొంకణ తీరాల్లో చేపల పులుసులో వేస్తారు.