'మొగ్గు' అనే మాట వెనుక: 1971 దక్షిణాసియా సంక్షోభంలో నిక్సన్ శ్వేతసౌధం, పత్రికలు

వ్యాససంగ్రహం:
1971లో తూర్పు బెంగాల్ సంక్షోభ కాలంలో అమెరికా అధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్, ఆయన జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్ విదేశాంగ విధానాన్నీ, దాని గురించి పత్రికల్లో వచ్చే వార్తలనూ ఒకే చోటి నుంచి నడపడానికి చేసిన ప్రయత్నాన్ని ఈ వ్యాసం పరిశీలిస్తుంది. విధానానికి అసలు కారణాన్ని సొంత అధికారులకు సైతం చెప్పకపోవడం వల్ల, ఆ విధానాన్ని సమర్థించవలసిన యంత్రాంగమే దానికి ఎదురు సాక్ష్యంగా నిలిచిందన్నది ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: నిక్సన్, కిసింజర్, బంగ్లాదేశ్ విమోచన యుద్ధం, బ్యాక్‌గ్రౌండర్, లీకు, జాక్ ఆండర్సన్.

ఉపోద్ఘాతం:

తెలుగునాట 1971 యుద్ధ స్మృతి విశాఖపట్నం చుట్టూ అల్లుకొని ఉంది. ఆ ఏడాది డిసెంబర్ 3-4 తేదీల నడిమి రాత్రి పాకిస్తాన్ జలాంతర్గామి 'ఘాజీ' విశాఖ తీరానికి సమీపంలో మునిగిపోయింది. ఐ.ఎన్.ఎస్. రాజ్‌పుత్ జరిపిన దాడిలో అది మునిగిందని భారత నౌకాదళం చెప్పగా, లోపలి పేలుడే కారణమని పాకిస్తాన్ వాదించింది. ఆ జలాంతర్గామి అంతకు ముందు 'డయాబ్లో' అనే పేరుతో అమెరికా నౌకాదళంలో పనిచేసింది. 1960వ దశకంలో అమెరికా దాన్ని పాకిస్తాన్‌కు అప్పుగా ఇచ్చింది. ఘాజీ మునిగిన వారం రోజులకే అమెరికా ఏడవ నౌకాదళానికి చెందిన విమానవాహక నౌక 'ఎంటర్‌ప్రైజ్' నాయకత్వంలో ఒక నౌకాబృందాన్ని బంగాళాఖాతానికి పంపాలని వాషింగ్టన్‌లో నిర్ణయం జరిగింది. ఈ నిర్ణయాన్ని తీసుకున్నవారెవరు, దానికి లోకానికి చెప్పిన కారణమేమిటి, లోపల చర్చించిన కారణమేమిటి అన్న ప్రశ్నలు సైనిక చరిత్రకు మాత్రమే పరిమితమైనవి కావు. ఒక అధ్యక్షుడు, అతని సలహాదారు కలిసి వార్తను ఎలా మలచదలచారో తెలుసుకోవడానికి ఇవే ఆధారాలు.

ఇద్దరి చేతుల్లో విధానం:

1969 జనవరి 20న పదవి చేపట్టిన నిక్సన్, విదేశాంగ విధానాన్ని విదేశాంగ శాఖ నుంచి శ్వేతసౌధానికి తరలించాలన్న నిశ్చయంతోనే వచ్చాడు. విదేశాంగ మంత్రిగా విలియం రోజర్స్ ఉన్నప్పటికీ, నిర్ణయాలకు కేంద్రం జాతీయ భద్రతా మండలి అయింది. సంక్షోభ సమయాల్లో విదేశాంగ, రక్షణ శాఖలు, సి.ఐ.ఎ., త్రివిధ దళాల ప్రతినిధులు 'వాషింగ్టన్ స్పెషల్ యాక్షన్స్ గ్రూప్' అనే సంఘంగా సమావేశమయ్యేవారు. దానికి అధ్యక్షత వహించేది కిసింజరే. ఈ సంఘం మినిట్సే తరువాతి కాలంలో పత్రికలకెక్కాయి.

వార్తల విషయంలోనూ ఇదే కేంద్రీకరణ కనిపిస్తుంది. అడ్వర్టైజింగ్ సంస్థలో పనిచేసి వచ్చిన రాన్ జీగ్లర్ పత్రికా కార్యదర్శి అయ్యాడు. హెర్బర్ట్ క్లైన్ ఆధ్వర్యంలో సమాచార వ్యవహారాల కోసం ప్రత్యేక కార్యాలయం ఏర్పడింది. పత్రికలు, టెలివిజన్ వార్తల సారాంశాన్ని సిబ్బంది ప్రతిరోజూ సిద్ధం చేసేవారు. దాని అంచుల్లో నిక్సన్ స్వదస్తూరితో ఆదేశాలు రాసేవాడు. నిక్సన్ పత్రికలను ద్వేషించాడని చెప్పి ఊరుకోవడం అర్ధసత్యమే అవుతుంది. తన గురించి ఏం రాస్తున్నారో అంత శ్రద్ధగా గమనించిన అధ్యక్షులు తక్కువ. 1969 మే 9న కంబోడియాపై రహస్య బాంబు దాడుల వార్త న్యూయార్క్ టైమ్స్‌లో వెలువడిన తరువాత అధికారుల, విలేకరుల టెలిఫోన్ల ట్యాపింగ్ ఊపందుకుంది. ఆ కార్యక్రమం ముగిసేనాటికి మొత్తం పదిహేడుగురి ఫోన్లను విన్నారు. వారిలో కిసింజర్ సొంత సిబ్బంది కూడా ఉన్నారు.

కిసింజర్ పద్ధతి వేరు. ఆయన విలేకరులను దూరం పెట్టలేదు, దగ్గరకు తీశాడు. 'బ్యాక్‌గ్రౌండర్' అని పిలిచే సమావేశాల్లో విలేకరులు విన్నది రాసుకోవచ్చు గాని, చెప్పినవారి పేరు రాయకూడదు. 'శ్వేతసౌధ వర్గాలు' అనో, 'ఒక ఉన్నతాధికారి' అనో రాయాలి. మాట ప్రజల్లోకి వెళుతుంది, దానికి బాధ్యుడు మాత్రం కనిపించడు. విలేకరికి లోపలి సమాచారం దొరికిందన్న తృప్తి మిగులుతుంది.

ఢాకా నుంచి వచ్చిన టెలిగ్రాం:

1971 మార్చి 25 రాత్రి పాకిస్తాన్ సైన్యం తూర్పు బెంగాల్‌లో అణచివేత మొదలుపెట్టింది. ఢాకాలోని అమెరికా కాన్సుల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ అక్కడి హత్యాకాండను వరుసగా వాషింగ్టన్‌కు నివేదించాడు. ఏప్రిల్ 6న ఢాకాలోని ఇరవై మంది అమెరికన్ అధికారులు సంతకాలు చేసిన అసమ్మతి టెలిగ్రాంను ఆయన తన సమర్థనతో పంపాడు. తమ ప్రభుత్వం నైతికంగా దివాలా తీసిందన్నంత తీవ్రమైన అభియోగం అందులో ఉంది. దానిపై వచ్చిన తొలి స్పందన గమనించదగినది. విషయం నిజమా కాదా అన్నదాని కన్నా, టెలిగ్రాం ఎంతమంది చేతుల్లో పడింది, కాంగ్రెస్‌కూ పత్రికలకూ పొక్కుతుందా అన్న ఆందోళనే పైఅధికారులకు ముందు కలిగింది. దాని పంపిణీని వెంటనే కుదించారు. కొంతకాలానికి బ్లడ్‌ను ఢాకా నుంచి తప్పించారు.

ఏప్రిల్ 28 నాటి విధాన పత్రంపై నిక్సన్ తన చేతితో ఒక ఆదేశం రాశాడు. ఈ సమయంలో యాహ్యా ఖాన్‌పై ఒత్తిడి తేవద్దన్నది దాని సారం. 'వద్దు' అనే అర్థమిచ్చే మాట కింద మూడు గీతలు గీశాడు. అందుకు అసలు కారణం చైనా. పెకింగ్‌తో రహస్య సంప్రదింపులకు యాహ్యా ఖాన్ మధ్యవర్తిగా ఉన్నాడు. ఆ సంగతి తెలిసినవారు వేళ్ల మీద లెక్కించదగినంత మంది మాత్రమే. ఢాకాలోని బ్లడ్‌కు గాని, ఢిల్లీలోని రాయబారి కెనెత్ కీటింగ్‌కు గాని దాని ఊసే తెలియదు.

ఇక్కడే చిక్కు మొదలైంది. కారణం రహస్యమైనప్పుడు విధానాన్ని పత్రికలకు వివరించడానికి మరొక కారణాన్ని వెతుక్కోవాలి. ఇది పాకిస్తాన్ అంతర్గత వ్యవహారమన్న వాదన అలా ముందుకు వచ్చింది. సుమారు కోటిమంది శరణార్థులు సరిహద్దు దాటిన స్థితిలో ఆ వాదన ఎంతోకాలం నిలవలేదు. జూన్ 13న లండన్‌లోని సండే టైమ్స్‌లో పాకిస్తానీ విలేకరి ఆంథోనీ మస్కరెన్హాస్ తూర్పు బెంగాల్ మారణకాండను ప్రత్యక్ష సాక్షిగా వివరించాడు. అదే రోజు న్యూయార్క్ టైమ్స్‌లో వియత్నాంకు సంబంధించిన పెంటగాన్ పత్రాల ప్రచురణ మొదలైంది. వాషింగ్టన్ దృష్టి రెండవదానిపై నిలిచింది. మరో తొమ్మిది రోజులకు, నిషేధం ఉందని ప్రభుత్వం చెబుతుండగానే పాకిస్తాన్‌కు ఆయుధ సామగ్రితో ఓడలు బయలుదేరుతున్నాయని న్యూయార్క్ టైమ్స్ వెల్లడించింది.

జులై నెలలో కిసింజర్ ఢిల్లీ మీదుగా పాకిస్తాన్ చేరి, కడుపునొప్పితో నథియా గలీలో విశ్రాంతి తీసుకుంటున్నట్లు ప్రకటన చేయించి, 9వ తేదీన పెకింగ్ వెళ్లాడు. దౌత్య చరిత్రలో ఇంతటి కీర్తి గడించిన కడుపునొప్పి మరొకటి ఉండదు. జులై 15న నిక్సన్ టెలివిజన్‌లో చైనా పర్యటనను ప్రకటించగానే ప్రపంచం విస్తుపోయింది. రహస్యం ఫలించింది. యాహ్యా ఖాన్ మధ్యవర్తిత్వం అనే కారణానికి ఆనాటితో కాలం చెల్లింది. విధానం మాత్రం మారలేదు. చైనా దృష్టిలో నమ్మదగిన మిత్రులుగా కనిపించాలన్న తపన, ఆగస్టు 9న కుదిరిన భారత-సోవియట్ ఒప్పందంపై అనుమానం, ఇందిరా గాంధీపై నిక్సన్ వ్యక్తిగత విముఖత దాన్ని నిలబెట్టాయి. వీటిలో ఏదీ బహిరంగంగా చెప్పుకోదగింది కాదు.

డిసెంబర్: మాటకూ మినిట్స్‌కూ మధ్య:

డిసెంబర్ 3న యుద్ధం మొదలైంది. డిసెంబర్ 6న అమెరికా భారత్‌కు ఇవ్వవలసిన 8.76 కోట్ల డాలర్ల ఆర్థిక సహాయాన్ని నిలిపివేసింది. ఆ మరునాడు కిసింజర్ శ్వేతసౌధంలో బ్యాక్‌గ్రౌండర్ నిర్వహించాడు. తమ ప్రభుత్వం భారత వ్యతిరేకి కాదనీ, రాజకీయ పరిష్కారం దిశగా పాకిస్తాన్‌ను నడిపిస్తుండగా భారత్ తొందరపడి యుద్ధానికి దిగిందనీ అక్కడ వివరించాడు. పేరు లేకుండా ప్రచారం కావలసిన ఈ మాటలను సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్ కాంగ్రెషనల్ రికార్డులో పెట్టించడంతో వక్త ఎవరో బయటపడింది. ప్రభుత్వానికి మేలు చేయాలన్న ఉద్దేశంతో సొంత పార్టీ సెనేటరే తెరను తొలగించడం విచిత్రం.

అంతకన్నా గట్టి దెబ్బ ఢిల్లీ నుంచి తగిలింది. న్యూయార్క్‌కు రిపబ్లికన్ సెనేటర్‌గా పనిచేసిన కీటింగ్, బ్యాక్‌గ్రౌండర్ వివరాలు చదివి, అందులోని కొన్ని అంశాలు తనకు తెలిసిన సమాచారంతో పొసగడం లేదని వాషింగ్టన్‌కు రహస్య సందేశం పంపాడు. రాయబారికి తెలియకుండా నడిపిన దౌత్యాన్ని ఆ రాయబారి సమర్థించగలడని ఆశించడంలోని వైరుధ్యం ఆ సందేశంలో తేటతెల్లమవుతుంది. కీటింగ్ ప్రభుత్వ వ్యతిరేకి కాడు. తన దగ్గరున్న ఫైలు ఏం చెబుతోందో అదే రాశాడు.

ఎంటర్‌ప్రైజ్ విషయంలోనూ ఇదే జరిగింది. ఢాకాలోని అమెరికన్లను అవసరమైతే తరలించడానికే నౌకలు వెళుతున్నాయన్నది బయటికి చెప్పిన కారణం. డిసెంబర్ 12న బ్రిటిష్ విమానాలు ఢాకా నుంచి విదేశీయులను తరలించడంతో ఆ కారణం బలహీనపడింది. భారత్‌పైనా, సోవియట్ యూనియన్‌పైనా ఒత్తిడి తేవడమే లోపలి చర్చల్లో ప్రధానాంశం. ఇక అమెరికా చట్టం అంగీకరించదని సొంత న్యాయ నిపుణులు హెచ్చరించినా, జోర్డాన్ వంటి దేశాల ద్వారా పాకిస్తాన్‌కు యుద్ధ విమానాలు చేరేలా నిక్సన్, కిసింజర్ ప్రోత్సహించిన సంగతి ఆనాటి బ్యాక్‌గ్రౌండర్లలో ఎక్కడా వినిపించదు.

డిసెంబర్ 14న అజోర్స్ దీవుల నుంచి తిరిగివస్తూ విమానంలో విలేకరులతో మాట్లాడిన కిసింజర్, సోవియట్ యూనియన్ భారత్‌ను అదుపు చేయకపోతే అధ్యక్షుడు మాస్కో శిఖరాగ్ర సమావేశంపై పునరాలోచించవచ్చని సూచించాడు. వాషింగ్టన్ పోస్ట్ బ్యాక్‌గ్రౌండర్ నియమాన్ని పక్కనపెట్టి ఆయన పేరు ప్రచురించింది. శ్వేతసౌధం ఆ హెచ్చరికను పలుచన చేయడానికి తంటాలు పడింది. మాస్కోకు చేరవలసిన బెదిరింపునకు పేరులేని గొంతు ఎంత అనుకూలమో, పేరు బయటపడగానే అది అంత ప్రమాదకరమైంది.

'మొగ్గు' ఎలా బయటపడింది:

డిసెంబర్ మధ్య నుంచి జాక్ ఆండర్సన్ తన 'వాషింగ్టన్ మెర్రీ-గో-రౌండ్' కాలమ్‌లో స్పెషల్ యాక్షన్స్ గ్రూప్ సమావేశాల వివరాలు ప్రచురించసాగాడు. సందర్భం నుంచి విడదీసి రాశారని కిసింజర్ ఆక్షేపించడంతో, 1972 జనవరి మొదటి వారంలో ఆండర్సన్ పత్రాల పూర్తి పాఠాలను ఇతర పత్రికలకు ఇచ్చాడు. ఆ ఏడాది ఆయనకు జాతీయ వార్తా విభాగంలో పులిట్జర్ బహుమతి లభించింది. అధ్యక్షుడు పాకిస్తాన్ వైపు 'మొగ్గు' కోరుతున్నాడని డిసెంబర్ 3 సమావేశంలో కిసింజర్ అన్న మాట ఆనాటి నుంచి చరిత్ర పుస్తకాల్లో స్థిరపడింది.

ఆ వాక్యం తరువాతి వాక్యాన్ని మాత్రం ఎక్కువమంది పట్టించుకోరు. ఆండర్సన్‌కు చేరినవి పెంటగాన్ ప్రతినిధులు రాసుకున్న నివేదికలు. వాటి ప్రకారం, తాము చేసేదంతా వేరే విధంగా బయటికి వస్తోందని అధ్యక్షుడు భావిస్తున్నట్లు కిసింజర్ చెప్పాడు. అమెరికా విదేశాంగ శాఖ 2005లో వెలువరించిన దక్షిణాసియా సంక్షోభ సంపుటంలో అదే సమావేశానికి జాతీయ భద్రతా మండలి సిబ్బంది రాసిన మినిట్స్ ఉన్నాయి. అక్కడ మాట మరింత సూటిగా ఉంది. ప్రతి బ్రీఫింగూ, ప్రతి ప్రకటనా వ్యతిరేక దిశలో సాగుతోందన్నది అధ్యక్షుని ఫిర్యాదు. ఈ రెండు పాఠాలను పక్కపక్కన పెట్టి చూస్తే, 'మొగ్గు' సైనిక సహాయానికో, దౌత్య వ్యూహానికో మాత్రమే సంబంధించిన మాటగా కనిపించదు. అది పుట్టింది పత్రికా ప్రకటనలపై అధ్యక్షుడు వ్యక్తం చేసిన అసహనం నుంచి. అధికారులు అధ్యక్షుని ఇచ్ఛకు అనుగుణంగా మాట్లాడటం లేదన్నది ఆ రోజు సమస్య. వారు అలా మాట్లాడకపోవడానికి కారణం అవిధేయత కాదు. ఆ ఇచ్ఛకు మూలం వారికి ఎవరూ చెప్పలేదు.

ఏ పత్రం ఎవరి చేతి రాత, ఎవరి కోసం తయారైంది అన్న విచికిత్స లేకుండా ఈ కాలాన్ని అధ్యయనం చేయడం కష్టం. కిసింజర్ 1979లో ప్రచురించిన స్వీయ చరిత్ర భారత్ పశ్చిమ పాకిస్తాన్‌ను కూడా ఛిన్నాభిన్నం చేయబోయిందనీ, దాన్ని తమ కాఠిన్యమే నిలువరించిందనీ చెబుతుంది. 1971 ఫిబ్రవరి నుంచి శ్వేతసౌధంలో పనిచేసిన ధ్వని ముద్రణ యంత్రాల టేపుల్లో ఆ నిగ్రహభాష లేదు. టేపుల ఆధారంగా గ్యారీ బాస్ 2013లో వెలువరించిన 'ది బ్లడ్ టెలిగ్రాం' ఈ వ్యత్యాసాన్ని విస్తారంగా చూపింది. బ్యాక్‌గ్రౌండర్ పాఠం, మినిట్స్, టేపు, స్వీయ చరిత్ర అనే నాలుగింటిలో మొదటిదీ చివరిదీ పాఠకుల కోసం సిద్ధం చేసినవి. నడుమనున్న రెండూ పాఠకుడి కంట పడకూడదని దాచినవి.

ఆండర్సన్‌కు పత్రాలు ఎవరిచ్చారో తేల్చే పని, పెంటగాన్ పత్రాల తరువాత లీకులను అరికట్టడానికి ఏర్పడి 'ప్లంబర్స్'గా పేరుపడిన బృందానికి అప్పగించారు. కిసింజర్ దగ్గర పనిచేసి వెళ్లిన డేవిడ్ యంగ్ ఈ దర్యాప్తు నడిపాడు. అనుమానం నౌకాదళ గుమాస్తా చార్లెస్ రాడ్‌ఫోర్డ్‌పై పడింది. అంతకు ముందు ఢిల్లీలోని అమెరికా రాయబార కార్యాలయంలో పనిచేసిన అతనికి ఆండర్సన్ తల్లిదండ్రులతో అక్కడే పరిచయమైంది. ఆండర్సన్‌కు పత్రాలిచ్చినట్లు అతడు ఒప్పుకోలేదు. ఒప్పుకున్నది మరొకటి. కిసింజర్ సంచుల్లోని రహస్య పత్రాలకు నకళ్లు తీసి త్రివిధ దళాల అధిపతుల సంఘం అధ్యక్షుడు అడ్మిరల్ థామస్ మూరర్ కార్యాలయానికి చేరవేస్తున్నట్లు చెప్పాడు. శ్వేతసౌధం తమకేమీ చెప్పడం లేదు గనుక సైన్యం తానే దొంగచాటుగా తెలుసుకుంటోంది. డిసెంబర్ 21న ఈ సంగతి విన్న నిక్సన్, బహిరంగ విచారణ జరిపితే మరిన్ని రహస్యాలు బయటపడతాయన్న భయంతో ఎవరినీ శిక్షించకూడదని నిర్ణయించాడు. మూరర్ పదవిలో కొనసాగాడు. రాడ్‌ఫోర్డ్‌ను ఆరెగన్ రాష్ట్రానికి బదిలీ చేసి, అతని టెలిఫోన్‌ను ట్యాప్ చేయించారు. 1974 జనవరిలో ఈ వ్యవహారం కూడా పత్రికల్లో వచ్చింది.