గర్భగుడిలో పరదేశి అర్చకులు

హిందూ దేవాలయంలో పాశ్చాత్య దేశాల్లో పుట్టినవారు విగ్రహానికి అభిషేకం చేసి, నైవేద్యం వండి, హారతి పట్టే అర్చకులుగా నిలవడం 1960ల చివర మొదలైంది. అంతకుముందూ పాశ్చాత్యులు హిందూమతంలోకి వచ్చారు. వివేకానందస్వామి శిష్యురాలు మార్గరెట్ నోబుల్ 1898లో బ్రహ్మచర్య దీక్ష తీసుకుని నివేదిత అయింది. ఆ తరంవారిని లాగింది వేదాంతం, ధ్యానం, సేవ. గర్భగుడి వారి దారిలో లేదు. ఆ గడప దాటించింది బెంగాలు నుంచి వెళ్ళిన గౌడీయ వైష్ణవం.

ఈ సంప్రదాయం ఇతర దేశాలవారిని అర్చకత్వానికి తీసుకోగలగడానికి మూలం గోదావరి గట్టున ఉంది. సుమారు 1510లో చైతన్య మహాప్రభువు దక్షిణ యాత్రకు వస్తూ గోదావరీతీరంలో రామానందరాయలను కలిశాడు. రామానందుడు గజపతి ప్రతాపరుద్రుని తరఫున రాజమహేంద్రవర ప్రాంతాన్ని ఏలుతున్న అధికారి, పుట్టుకతో బ్రాహ్మణుడు కాడు. సన్యాసియైన చైతన్యుడు ప్రశ్నలు వేసి, ఆయన నోట భక్తితత్త్వం చెప్పించుకున్నాడు. కృష్ణతత్త్వం తెలిసినవాడు ఏ కులంవాడైనా, ఏ ఆశ్రమంవాడైనా గురువు కాగలడన్న నిర్ణయం ఆ సంభాషణలోనిదే. కొవ్వూరులోని గౌడీయ మఠం ఆ కలయికకు గుర్తు. నాలుగు వందల ఏళ్ల తర్వాత గౌడీయ గురువు భక్తిసిద్ధాంత సరస్వతి ఈ మాటను ఆచరణలోకి దించాడు. 1911లో మిద్నపూరు జిల్లా బాలిఘాయి సభలో వైష్ణవుడి అర్హత పుట్టుకలో లేదని వాదించాడు. గౌడీయ మఠాల్లో బ్రాహ్మణేతర శిష్యులకు జంధ్యం వేసి అర్చనాధికారం ఇచ్చాడు. 1933లో లండన్‌కు సన్యాసులను పంపాడు గాని, ఆ ప్రయత్నం అప్పటికి పెద్దగా ఫలించలేదు.

ఆయన శిష్యుడు ఎ.సి. భక్తివేదాంతస్వామి, అంటే ప్రభుపాదుడు, 1965 ఆగస్టులో కలకత్తాలో జలదూత అనే సరుకుల ఓడ ఎక్కాడు. అప్పటికి ఆయనకు డెబ్బై నిండవస్తున్నాయి. సెప్టెంబరులో బోస్టన్ చేరి, అక్కడినుంచి న్యూయార్క్ వెళ్ళాడు. 1966లో సెకండ్ అవెన్యూ 26వ నంబరు ఇంట్లో ఖాళీగా ఉన్న చిన్న దుకాణం గదిలో అంతర్జాతీయ కృష్ణచైతన్య సంఘం, వాడుకలో ఇస్కాన్, మొదలైంది. వచ్చినవారిలో చాలామంది చదువు మధ్యలో వదిలిన యువకులు, వియత్నాం యుద్ధంతో విసిగినవారు, మత్తుమందులు రుచి చూసినవారు. వారికి ఆయన పెట్టిన నియమాలు కఠినమైనవి: మాంసం, మత్తు, జూదం, అక్రమ సంబంధం నిషిద్ధం, రోజుకు పదహారు మాలల జపం, తెల్లవారుజామున మంగళ హారతి. దీక్ష పుచ్చుకున్నవారికి దాస, దాసీ అన్న పేర్లు వచ్చాయి. 1968 నుంచి కొందరికి జంధ్యం, గాయత్రి కూడా ఇచ్చాడు. స్త్రీలకూ మంత్రదీక్ష ఇచ్చి పూజలో నిలపడం భారతదేశంలోని దేవాలయాల వాడుకకు చాలా దూరం వెళ్ళిన పని. దాని ప్రాముఖ్యాన్ని ఇప్పటికీ తక్కువగానే గుర్తిస్తున్నారు.

1968లో ఆరుగురు అమెరికన్ శిష్యులు, మూడు జంటల దంపతులు, లండన్ చేరారు. మరుసటి ఏడు బీటిల్స్ బృందంలోని జార్జ్ హారిసన్ వారిచేత హరేకృష్ణ మంత్రం పాడించి రికార్డు తెచ్చాడు. 1969 డిసెంబరులో బ్రిటిష్ మ్యూజియం దగ్గర బరీ ప్లేస్‌లో గుడి తెరిచారు. 1973లో హారిసన్ హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని లెచ్‌మోర్ హీత్ పల్లెలో పిగట్స్ మేనర్ అనే పాత భవంతిని, దాని చుట్టూ ఉన్న 17 ఎకరాలతో కొని ఇచ్చాడు. ఆ ఏడు కృష్ణాష్టమికి అక్కడ రాధాగోకులానందులను ప్రతిష్ఠించారు. ఆ భవంతే భక్తివేదాంత మేనర్.

సరిగ్గా ఆ సమయంలోనే తూర్పు ఆఫ్రికా నుంచి హిందువులు బ్రిటన్‌కు చేరుతున్నారు. కెన్యా నుంచి 1960ల చివర రాక మొదలైంది. 1972 ఆగస్టులో ఇడి అమీన్ ఉగాండాలోని ఆసియావాసులకు తొంభై రోజుల గడువిచ్చి వెళ్ళగొట్టాడు; వారిలో 25,000 మందికి పైగా బ్రిటన్ వచ్చారు. ఎక్కువమంది గుజరాతీలు. చాలామంది పుష్టిమార్గంలోనో స్వామినారాయణ సంప్రదాయంలోనో పెరిగినవారు, ఇంట్లో బాలకృష్ణుడిని కొలిచేవారు. వెంబ్లీ, హారో, వాట్‌ఫర్డ్ ప్రాంతాల్లో ఇళ్ళు దొరికాయి గాని, పెద్ద గుడి లేదు. నీస్డెన్‌లోని పాలరాతి స్వామినారాయణ మందిరం 1995 దాకా రాలేదు. లెచ్‌మోర్ హీత్‌కు కారులో వెళితే అక్కడ కృష్ణుడున్నాడు, వేళ తప్పని హారతి ఉంది, గోశాల ఉంది, కడుపునిండా ప్రసాదం ఉంది. హారతి పట్టేవాడు మాత్రం లివర్‌పూల్‌లోనో లాస్ ఏంజెలెస్‌లోనో పుట్టినవాడు.

మొదట్లో ఈ కొత్త వైష్ణవులను చూసి ఆశ్చర్యపడినవారూ, అనుమానించినవారూ ఉన్నారు. ఆ అనుమానాన్ని శాస్త్రచర్చ కంటే ఎక్కువగా కరిగించింది రోజువారీ పూజ. చలికాలంలో కూడా చీకటితోనే లేచి స్నానం చేయడం, మడిగా వండటం, నైవేద్యానికి ముందు రుచి చూడకపోవడం, పూటపూటకూ స్వామికి వస్త్రాలు మార్చడం - ఇవన్నీ ఏళ్ల తరబడి తప్పకుండా జరిగాయి. తమ ఇళ్ళలో అమ్మమ్మలు పాటించి, తమ తరానికి సడలిన ఆచారాన్ని ఇంగ్లిషువాడు పట్టుదలగా పాటించడం ఆ కుటుంబాలను కదిలించింది. పిల్లల సంగతి మరొకటి. ఇంగ్లిషు బడుల్లో పెరుగుతున్న పిల్లలకు బొట్టెందుకు, విగ్రహమెందుకు అని అడిగితే తల్లిదండ్రుల దగ్గర వారి భాషలో జవాబు లేకపోయింది. పాశ్చాత్య భక్తులు ఆ ప్రశ్నలను తామే ఒకప్పుడు అడిగి జవాబు వెతుక్కున్నవారు కాబట్టి, ఇంగ్లిషులో విడమరచి చెప్పగలిగారు. న్యూయార్క్ రోజుల్లో మొదలైన ఆదివారం విందు కూడా కలిసివచ్చింది. వారమంతా ఫ్యాక్టరీల్లో, దుకాణాల్లో పనిచేసేవారికి తీరిక దొరికేది ఆ రోజే. క్రమంగా అన్నప్రాశనలు, పెళ్ళిళ్ళు కూడా అక్కడే జరిపించుకోసాగారు.

ఇదంతా రాపిడి లేకుండా సాగలేదు. కొత్త భక్తులకు కృష్ణుడే పరదైవం, తక్కిన దేవతలు ఆయన పరివారం. శివరాత్రీ నవరాత్రీ సమానంగా జరుపుకునే కుటుంబాలకు ఈ మాట రుచించేది కాదు. అద్వైతం మీద చేసే విమర్శ మరీ గుచ్చుకునేది. భక్తుల వైపు చూస్తే, వచ్చినవారు దణ్ణం పెట్టి, ప్రసాదం తిని వెళ్ళిపోతున్నారే గాని జపమాల పట్టడం లేదన్న అసంతృప్తి. అసలు తాము హిందువులమేనా అన్న విషయంలో కూడా వారి మాట నిలకడగా లేదు. కృష్ణభక్తి ఏ మతానికీ సొంతం కాదు, జీవుడి సహజ ధర్మం అని ప్రభుపాదుడు బోధించాడు. హిందువులు అనిపించుకోవడానికి తొలితరం శిష్యులు ఇష్టపడలేదు.

అమెరికాలో కోర్టు వారి వైఖరిని మార్చింది. 1976లో న్యూయార్క్ క్వీన్స్ ప్రాంతంలో ఇస్కాన్ నాయకులిద్దరి మీద, శిష్యుల బుద్ధిని లొంగదీసి బంధించారన్న నేరారోపణ వచ్చింది. హరేకృష్ణ మతం వేల ఏళ్లుగా భారతదేశంలో వేళ్ళూనిన నిజమైన మతమని అంటూ న్యాయమూర్తి జాన్ లీహీ 1977 మార్చిలో ఆ కేసు కొట్టేశాడు. ఈ పోరాటంలో ప్రవాస భారతీయులు సంఘం పక్షాన నిలిచారు. అదే కాలంలో పిట్స్‌బర్గ్ శివారు పెన్ హిల్స్‌లో, తెలుగువారి పాత్ర గణనీయంగా ఉన్న ప్రవాసులు శ్రీవేంకటేశ్వరాలయం కట్టుకున్నారు. అక్కడ అర్చకులు భారతదేశం నుంచి వచ్చినవారు. కొద్ది దూరంలో, వెస్ట్ వర్జీనియా కొండల్లో, అమెరికన్ భక్తులు 1968 నుంచి నిర్మించుకుంటున్న న్యూ వృందావనం ఉంది. 1979లో అక్కడ బంగారు పూతల భవనం తెరిచాక, ఒకే యాత్రలో రెండూ చూసి రావడం ప్రవాస కుటుంబాలకు అలవాటైంది.

బ్రిటన్‌లో పరీక్ష ఇంకా పెద్దది. మేనర్‌కు ప్రభుత్వ రికార్డుల్లో ఉన్న అనుమతి మతవిద్యా కళాశాలకే. జన్మాష్టమికి వేలాదిమంది రావడంతో ఇరుకు పల్లెదారులు కార్లతో నిండిపోయేవి. గ్రామస్థుల ఇబ్బంది నిజమైనదే. దాన్ని జాతిద్వేషంగా మాత్రమే చూపడం న్యాయం కాదు. 1987లో హర్ట్‌స్‌మియర్ కౌన్సిల్ బహిరంగ పూజలు ఆపమని నోటీసు ఇచ్చింది. విచారణ తర్వాత 1990లో మంత్రి క్రిస్ పాటెన్ నోటీసును సమర్థించాడు. యూరోపియన్ మానవహక్కుల కమిషన్ కూడా 1994 మార్చిలో అర్జీని తోసిపుచ్చింది. ఆ నెలలోనే నిషేధం అమలులోకి రావలసిన రోజున లండన్ వీధుల్లో వేలాదిమంది హిందువులు ఊరేగారు. తెల్లజాతి సన్యాసులతోపాటు గుజరాతీ వ్యాపారులు, గృహిణులు, బడిపిల్లలు నడిచారు. మేనర్ తమ గుడి అని ఆ కుటుంబాలు అంత గట్టిగా అంతకుముందు ఎన్నడూ చెప్పలేదు. పల్లెను తప్పించి కొత్త దారి వేసుకునే షరతుతో 1996 మేలో పూజలకు అనుమతి వచ్చింది. ఈ పదేళ్లలో భక్తులు హిందువుల పేరిట, హిందువుల హక్కుగా వాదించవలసి వచ్చింది. ప్రవాసులు ఇతర దేశంలో పుట్టిన అర్చకులను తమ ప్రతినిధులుగా ఒప్పుకోవలసి వచ్చింది.

ఈ చరిత్రలో చీకటి పుటలున్నాయి. 1977 నవంబరులో ప్రభుపాదుడు మరణించాక, గురుస్థానాల్లో కూర్చున్న పాశ్చాత్య శిష్యుల్లో కొందరు పతనమయ్యారు. న్యూ వృందావనాన్ని 1980ల చివర సంఘం వెలివేసి, 1998లో మళ్ళీ చేర్చుకుంది. సంఘం నడిపిన గురుకులాల్లో పిల్లలు అనుభవించిన హింస అన్నిటికంటే ఘోరమైనది. సంఘం సొంత పత్రికే 1998లో దాన్ని అచ్చువేసింది. తర్వాత బాధితులు కోర్టుకెక్కారు, పరిహారం చెల్లించవలసి వచ్చింది. దీక్ష పుచ్చుకున్నవారు పెద్దసంఖ్యలో ఆశ్రమాలు వదిలి ఉద్యోగాల్లో చేరారు. ఖాళీ అవుతున్న ఆలయాలను నిలబెట్టింది ప్రవాస కుటుంబాల విరాళాలు, సేవ.

భారతదేశంలో ఆదరణ ఒక్కతీరుగా లేదు. హైదరాబాదు నాంపల్లి స్టేషన్ రోడ్డులోని ఇస్కాన్ ఆలయం 1976 కృష్ణాష్టమికి ప్రభుపాదుని సమక్షంలో ప్రారంభమైంది. పిలకలు, తిలకాలతో ఉన్న విదేశీ భక్తులు నగరవాసులకు అలవాటైన దృశ్యమయ్యారు. తిరుమలలో అన్యమతస్థులు స్వామిపై విశ్వాసం ప్రకటిస్తూ డిక్లరేషన్ ఇచ్చి దర్శనానికి వెళ్ళవచ్చు. పూరీ జగన్నాథాలయం తలుపు మాత్రం తెరుచుకోలేదు. 1977 జనవరిలో పూరీ వెళ్ళిన ప్రభుపాదుడు, తన శిష్యులకు లేని ప్రవేశం తనకూ వద్దని బయటే ఉండిపోయాడు. చైతన్యుని కాలంలో, ముస్లిం కుటుంబంలో పుట్టాడని సంప్రదాయం చెప్పే హరిదాసు కూడా ఆ ఊళ్ళోనే గుడి వెలుపల ఉండి నామజపం చేసుకున్నాడు. చైతన్యుడే ఆయన దగ్గరకు వెళ్ళేవాడు. విదేశీ భక్తులు పూరీలో జగన్నాథుణ్ణి చూడగలిగేది రథయాత్ర రోజుల్లోనే. ఆ రథయాత్రనే వారు 1967లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మొదలుపెట్టి, లండన్ దాకా తీసుకువెళ్ళారు.

లండన్, న్యూయార్క్, హ్యూస్టన్ ఇస్కాన్ ఆలయాల్లో ఇప్పుడు ఎక్కువగా కనిపించేవారు భారత సంతతివారు. వారి పిల్లల కోసం 2008లో హారోలో కృష్ణ అవంతి ప్రాథమిక పాఠశాల మొదలైంది. బ్రిటన్‌లో ప్రభుత్వ నిధులతో నడిచే తొలి హిందూ బడి అది. దీక్ష పుచ్చుకునేవారిలో కూడా భారత సంతతివారే ఎక్కువ. దీక్ష ఇచ్చే గురువులు చాలాచోట్ల పాశ్చాత్యులు. చికాగోలో పుట్టిన రాధానాథస్వామికి ముంబై చౌపాటీలో, మిల్వాకీలో పుట్టిన జయపతాకస్వామికి మాయాపురంలో భారతీయ శిష్యులు వేలల్లో ఉన్నారు.