మొయామొయా వ్యాధిలో బైపాస్ అనంతర మెదడు రక్తప్రసరణ

మెదడుకు రక్తాన్ని అందించే అంతర కెరోటిడ్ ధమనులు కపాలం లోపలి చివరి భాగంలో క్రమంగా సన్నబడి మూసుకుపోయే అరుదైన వ్యాధిని మొయామొయా వ్యాధి అంటారు. ఈ లోటును పూడ్చడానికి మెదడు అడుగుభాగాన సన్నని, బలహీనమైన రక్తనాళాలు గుంపుగా ఏర్పడతాయి. ఆంజియోగ్రామ్ చిత్రంలో ఇవి పొగలాగా కనిపిస్తాయి. జపాన్ భాషలో మొయామొయా అనగా పొగలా మసకబారినది అని అర్థం.

చరిత్ర
ఈ వ్యాధిని 1957లో జపాన్ వైద్యులు టకెయుచి, షిమిజు మొదటిసారి వర్ణించారు. 1969లో సుజుకి, టకాకు దీనిని ఆరు దశలుగా విభజించారు. 2011లో ఆర్.ఎన్.ఎఫ్. 213 అనే జన్యువుకు ఈ వ్యాధితో సంబంధం ఉన్నదని తేలింది. ఆంధ్ర, తెలంగాణ గిరిజన ప్రాంతాలలో కనిపించే సికిల్ సెల్ రక్తహీనత వలన కూడా ఇటువంటి స్థితి కలుగవచ్చును. దానిని మొయామొయా సిండ్రోమ్ అంటారు.

లక్షణాలు
పిల్లలలో ఒక కాలు, ఒక చేయి కొద్దిసేపు పట్టుతప్పడం, మాట తడబడడం ముఖ్య లక్షణాలు. గట్టిగా ఏడ్చినపుడు, వేడి ఆహారాన్ని ఊదినపుడు ఇవి రావచ్చును. వేగంగా శ్వాసించినపుడు రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి, మెదడు రక్తనాళాలు ముడుచుకోవడమే దీనికి కారణం. దీనిని పిల్లల మొండితనంగా భావిస్తే చికిత్స ఆలస్యమై, శాశ్వత పక్షవాతం కలిగే ప్రమాదం ఉన్నది. పెద్దలలో మెదడులో రక్తస్రావం కూడా జరుగుతుంది.

శస్త్రచికిత్స
సాధారణంగా 100 గ్రాముల మెదడుకు నిమిషానికి సుమారు 50 మి.లీ. రక్తం అందుతుంది. ఇది 20 మి.లీ. కంటే తగ్గితే మెదడు పనితీరు దెబ్బతింటుంది. ప్రత్యక్ష బైపాస్‌లో కణత వద్ద చర్మం క్రింద ఉండే ధమనిని మెదడు ఉపరితలంపై ఉన్న ధమని శాఖకు కలుపుతారు. రక్తం వెంటనే అందుతుంది. పరోక్ష పద్ధతిలో ధమనిని గాని, కణత కండరాన్ని గాని మెదడుపై పరుస్తారు. కొత్త నాళాలు పెరగడానికి కొన్ని నెలలు పడుతుంది. పిల్లలలో ఈ పద్ధతి బాగా ఫలిస్తుంది.

శస్త్రచికిత్స తరువాత
చాలాకాలం తక్కువ రక్తానికి అలవాటుపడిన నాళాలు వెడల్పుగా తెరచుకొని ఉంటాయి. అకస్మాత్తుగా అధిక రక్తం చేరినపుడు అవి దానిని అదుపుచేయలేవు. దీనిని అధిక ప్రసరణ సిండ్రోమ్ అంటారు. సాధారణంగా మొదటి వారంలో తలనొప్పి, మాట తడబాటు, మూర్ఛ, అరుదుగా రక్తస్రావం కలుగుతాయి. రక్తం చాలకపోయినా ఇవే లక్షణాలు కనిపించవచ్చును. కాని చికిత్స వేరు: అధిక ప్రసరణలో రక్తపోటును తగ్గించాలి, లోటు ఉన్నపుడు తగ్గనీయరాదు. అందువలన స్పెక్ట్ వంటి స్కాన్‌తో రక్తప్రసరణను కొలిచి నిర్ణయిస్తారు.

ఫలితాలు
రక్తస్రావం జరిగిన 80 మంది పెద్దలపై జపాన్‌లో జరిపిన పరిశోధన ఫలితాలు 2014లో వెలువడ్డాయి. ఐదేళ్ల పరిశీలనలో మళ్ళీ రక్తస్రావం బైపాస్ చేసిన 42 మందిలో 5గురికి, చేయని 38 మందిలో 12 మందికి జరిగింది. బైపాస్ మూసుకుపోయిన ధమనులను తెరువదు, వ్యాధిని నిర్మూలించదు. మెదడుకు రక్తం అందే మరొక మార్గాన్ని మాత్రమే కల్పిస్తుంది. కావున రోగులకు దీర్ఘకాలిక వైద్య పర్యవేక్షణ అవసరం.