తేరిన నీళ్ళు

తణుకు చరిత్ర ఏమిటని అడిగితే మా ఊళ్ళో ఎవరైనా మూడు ముక్కలు చెప్తారు. నన్నయ ఇక్కడ యజ్ఞం చేశాడని ప్రతీతి. కవి దేవరకొండ బాలగంగాధర తిలక్ 1921లో పక్కనే ఉన్న మండపాకలో పుట్టాడు. 1947లో ముళ్ళపూడి హరిశ్చంద్రప్రసాద్ ఆంధ్రా షుగర్స్ పెట్టారు. ఇంకాస్త పెద్దవాళ్ళయితే కాటన్ దొరతో మొదలుపెడతారు. గర్వపడాల్సిన సంగతులే ఇవన్నీ. కానీ ఇదే ఊళ్ళో నూరేళ్ళకు పైగా ప్రతి ఇంట్లోనూ, ప్రతి రోజూ జరిగిన పని ఇంకొకటుంది. దాని ఊసు ఎవరూ ఎత్తరు. తాగడానికి నీళ్ళు తెచ్చుకోవడం, తెచ్చినవాటిని తాగేలా చేసుకోవడం.

ఆనకట్ట కథ తెలిసిందే. 1833 నాటి కరువుతో చితికిపోయిన గోదావరి జిల్లాలో ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి ముగించాడు. పశ్చిమాన విజ్జేశ్వరం దగ్గర బయల్దేరిన కాలువ కొమ్మలుగా చీలింది. ఒక కొమ్మ ఏలూరు చేరి కృష్ణ కాలువని కలుసుకుంది. ఇంకొకటి గోస్తనీ పేరుతో మా ఊరి మీదుగా పోతుంది. ఈ కథ చెప్పేటప్పుడు లెక్కలన్నీ ఎకరాల్లో, శిస్తులో, పడవల్లో ఉంటాయి. సార్వాకెన్ని బస్తాలు, దాళ్వాకెన్ని బస్తాలు అన్నది ఇప్పటికీ మనకి నోటికొచ్చు. అదే కాలువ వంటింట్లోకి ఎలా వచ్చిందో మాత్రం ఎక్కడా చెప్పరు. వరదతో వచ్చిన ఒండ్రు పొలానికి బలం. ఇంట్లో అదే ఒండ్రు తలనొప్పి.

ఆషాఢ శ్రావణాల్లో గోదావరి పొంగితే కాలువలో ఎర్రనీళ్ళు. మా అమ్మమ్మ చెప్పిన పద్ధతి ఇది. ఇండుపగింజ (చిల్లగింజ అని కూడా అంటారు) కుండ లోపలి అంచుకి రుద్ది అరగదీయాలి. ఆ కుండలో నీళ్ళు పోసి, బాగా కలియబెట్టి, రాత్రంతా కదపకుండా వదిలేయాలి. పొద్దుటికి తేరతాయి. పైన తేటని నెమ్మదిగా వంచి పాత పంచె గుడ్డలో వడకట్టుకోవాలి. అడుగున మిగిలిన మడ్డి పెరట్లోకి. ఈలోపు దాహమేసిన పిల్లాడెవడో ముంత ముంచి కుండ కదిపాడా, పని మళ్ళీ మొదటికే. అమ్మమ్మ తిట్లలో సగం ఆ ముంత గురించేనట.

సన్నటి మట్టి రేణువుల మీద ఋణావేశం ఉంటుంది. ఒకదాన్నొకటి తోసుకుంటూ ఉంటాయి గనుక అంత తొందరగా అడుక్కి దిగవు. గింజలోని పదార్థం వాటిని దగ్గరకి చేర్చి ముద్దలు కట్టిస్తుంది, ముద్దలు బరువెక్కి దిగిపోతాయి. పటిక చేసేదీ, మున్సిపాలిటీ నీటిశుద్ధిలో జరిగేదీ ఇదే. ఇంజనీరింగ్ పుస్తకాల్లో దీని పేరు కోయాగ్యులేషన్. అమ్మమ్మకి ఆ పేరు తెలీదు, పని తెలుసు.

సంస్కృతంలో ఈ గింజ పేరు కతకం. దీని చరిత్ర చాలా పాతది. కతకం నీటిని తేర్చేదే అయినా పేరు తలచుకున్నంత మాత్రాన నీళ్ళు తేరవని మనుస్మృతి ఆరో అధ్యాయం అంటుంది. శంకరుల పేరుమీదున్న ఆత్మబోధలో జ్ఞానం అజ్ఞానాన్ని పోగొట్టి తానూ అణగిపోతుంది, నీళ్ళలో కతకం పొడిలాగా. రెండు చోట్లా గింజ ఉంది, నీళ్ళున్నాయి. గింజని అరగదీసిన చెయ్యి లేదు. వంటింటి పని తత్త్వశాస్త్రానికి ఉపమానంగా పనికొచ్చింది, చరిత్రకి మాత్రం పనికిరాలేదు.

ఎర్రనీళ్ళ కష్టం వానాకాలంలో అయితే, వేసవిలో అసలు నీళ్ళే లేని కష్టం. దాళ్వా కోతలయ్యాక మరమ్మతులకీ, పూడిక తీయడానికీ నెలా నెలన్నర కాలువలు కట్టేస్తారు. సముద్రం వైపు పోయేకొద్దీ బావినీళ్ళు ఉప్పన. కాబట్టి కాలువ కట్టకముందే ఊరి మంచినీళ్ళ చెరువు నింపుకోవాలి, మళ్ళీ నీళ్ళు వదిలేదాకా దాంతోనే సరిపెట్టుకోవాలి. డబ్బున్న ఇళ్ళకి కావిడితో నీళ్ళు వచ్చేవి. లేనివాళ్ళు బిందె చంకనెత్తుకుని తిరిగేవాళ్ళు. ఎవరు ఏ రేవులో ముంచాలో కులం చెప్పేది.

ఇదంతా ఇంటి విసుగు, చిన్న విషయం అనుకునేవాళ్ళు చెరువుల మీదే బతికిన ఇంకో ఊరిని తలచుకోవాలి. 1985 జులై 16న ప్రకాశం జిల్లా కారంచేడులో, దళితులు తాగే చెరువులోకి మురికి నీళ్ళు పోతున్నాయని అభ్యంతరం చెప్పారు. నీళ్ళకోసం వచ్చిన మున్నంగి సువార్త తన మీదకొచ్చినవాళ్ళ మీదకి బిందె ఎత్తింది. మర్నాటి దాడిలో ఆరుగురు దళితుల్ని చంపేశారు. ఆంధ్రలో దళిత ఉద్యమమూ, సాహిత్యమూ అక్కణ్ణుంచి మరో మలుపు తిరిగాయి. నీళ్ళబిందె మన చరిత్రలోకి వచ్చింది అంత రక్తం కారాకే.

ఇప్పుడు తణుకులో కుళాయిలున్నాయి. తాగడానికి మాత్రం మా ఇంట్లో ఇరవై లీటర్ల క్యాన్. అటు కొల్లేటి ఊళ్ళలో చుట్టూ నీళ్ళే. పొలాల మురుగూ, చేపల చెరువుల నీళ్ళూ కలిసిన ఆ సరస్సు నీళ్ళు ముంచుకుని తాగే రోజులు పోయాయి. ఎండాకాలంలో క్యాన్ల ఆటో రాకపోతే ఫోను పట్టుకుని నాలుగుచోట్లకి చేసేది అమ్మే. అరగదీసే గింజ పోయింది, నీళ్ళ బెంగ మాత్రం ఆ ఇంటి ఆడమనిషి దగ్గరే ఉండిపోయింది.

అందుకే మన ఊళ్ళ చరిత్ర రాసేవాళ్ళని నేను అడిగేది చిన్న లెక్క. ఇంటికి రోజుకెన్ని బిందెలు, రేవు ఎంత దూరం, తేరడానికి ఎంతసేపు, ఎవరి చేత్తో. ఎకరాల లెక్క గెజిటీర్లలో భద్రంగా ఉంది, ఎక్కడికీ పోదు. ఈ లెక్క తెలిసినవాళ్ళకి ఇప్పుడు ఎనభై దాటాయి.