బేగంపేట అంకెలకు కొలతలెక్కడ?

1887లో పారిస్‌లో సమావేశమైన ఖగోళ శాస్త్రజ్ఞులు ఆకాశమంతా ఫొటోలు తీసి, ఒక్కో నక్షత్రం చోటునూ కొలిచి అచ్చు వెయ్యాలని తీర్మానించారు. ఇరవై దాకా వేధశాలలు ఆకాశాన్ని పట్టీలుగా పంచుకున్నాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన దక్షిణ పట్టీ, 17 నుంచి 23 డిగ్రీల దాకా, హైదరాబాదు వంతుకొచ్చింది. నవాబ్ జఫర్ జంగ్ 1901లో పెట్టిన నిజామియా వేధశాల బేగంపేటలో ఆ బరువు నెత్తికెత్తుకుంది. టి.పి. భాస్కరన్ డైరెక్టరుగా ఉన్న రోజుల్లో సంపుటాలు వరసగా వెలువడ్డాయి.

ఏ వేధశాల సంపుటం తెరిచినా పేజీ నిండా అంకెలే. ఫొటో తీసిన గాజు పలక మీద 5 మిల్లీమీటర్ల ఎడంతో గళ్లు ఉండేవి. చుక్క ఏ గడిలో ఎక్కడ పడిందో సూక్ష్మదర్శినిలో చూసి అడ్డానికొకటి, నిలువుకొకటి రాసుకునేవారు. పలక మీద ఒక మిల్లీమీటరంటే ఆకాశంలో ఒక నిమిషం కోణం. అచ్చయినవి ఈ అడ్డం, నిలువు కొలతలే. నక్షత్రం అసలు స్థానం కావాలంటే ఆ పలక స్థిరాంకాలు, అంటే ఈ కొలతలను ఆకాశంలోని స్థానాలుగా మార్చే అంకెలు, వెతుక్కుని, లెక్క మనమే కట్టుకోవాలి.

పైగా ఎవరి పద్ధతి వారిది. కొందరు మిల్లీమీటర్లలో రాస్తే, కొందరు గళ్ల లెక్కన రాశారు. కొందరు పలక మధ్య నుంచి, కొందరు మూల నుంచి కొలిచారు. 12.5 అని ఉంటే ఒకచోట అది 12.5 నిమిషాలు, మరోచోట 62.5! వెలుగు కాలమ్ సంగతి మరీ అన్యాయం: కొన్ని సంపుటాల్లో అందులో ఉన్నది ప్రకాశ పరిమాణం కాదు, పలక మీద పడిన మచ్చ వ్యాసం. ఈ గుట్టంతా ముందుమాటలో ఎక్కడో ఉండేది. అంత కష్టపడి చేసిన జాబితాను దశాబ్దాలపాటు పెద్దగా ఎవరూ వాడలేదంటే వింతేముంది?

1990ల్లో అమెరికా నేవల్ అబ్జర్వేటరీ ఈ అంకెలన్నిటినీ హిప్పార్కస్ ఉపగ్రహం కొలతలతో సరిచూసి, ఒకే పద్ధతిలోకి మార్చింది. అలా ఏసీ 2000 అనే పట్టిక వచ్చింది; అందులో 46 లక్షల నక్షత్రాలు.

ఇప్పుడలాంటి పట్టికలను ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బూర్గ్ ఖగోళ సమాచార కేంద్రం భద్రపరుస్తోంది. ప్రతి పట్టికకూ 'రీడ్‌మీ' అనే ఫైలు తోడుంటుంది. ఏ కాలమ్ ఎన్నో అక్షరం నుంచి ఎన్నో అక్షరం దాకా, దాని పేరేమిటి, యూనిట్ ఏమిటి, అర్థమేమిటి అన్నీ అందులో వరసగా ఉంటాయి. యూనిట్ లేని కాలమ్‌కు ఖాళీ వదలరు, మూడు చిన్న గీతలు పెడతారు.

2000లో వచ్చిన టైకో-2 అనే నక్షత్ర పట్టికలో నక్షత్రాల కదలికల కాలమ్ ఉంది. యూనిట్ ఏడాదికి మిల్లీ ఆర్క్‌సెకండ్లు. పాత చోటు తెలియనిదే కదలిక తేలదు కాబట్టి, హైదరాబాదు వంతు పట్టీలోని నక్షత్రాలకు, ఏసీ 2000 ద్వారా, బేగంపేట పలకలూ అక్కరకొచ్చాయి.